ముద్దనూరు రోడ్డు మీద ఆగిపోయిన ఆవు

ఆవులకు ఒళ్లంతా గడ్డలు లేచే లంపీ రోగం మా జిల్లాలో పాకిన ఏడాదే నాకు పశువుల డాక్టరుగా ఉద్యోగం వచ్చింది. ప్రొద్దుటూరులో బట్టలకొట్టు నడుపుకునే ఇల్లు మాది. పాలు ప్యాకెట్లో వస్తాయి తప్ప పశువును కట్టేసిన వాకిలి కాదు. అట్లాంటి నన్ను ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో చెక్‌పోస్టుకు వేశారు. సంతలు మూసేశారు. రోగం ఉన్న ఊళ్ల నుంచి పశువులు కదలకూడదు. చుట్టుపక్కల ఊళ్లలో బాగున్న పశువులకు పొద్దున టీకాలు వేసేదాన్ని, మధ్యాహ్నం నుంచి రోడ్డు మీద కాపలా. “నువ్వు డాక్టరువా, పోలీసువా?” అని నాన్న ఫోనులో నవ్వేవాడు.

ఒక సాయంత్రం ఓ పెద్దాయన ఎర్రావును తోలుకుంటూ వచ్చాడు. జమ్మలమడుగు అవతల పల్లె ఆయనది.

“యాడికి పోతాండావు తాతా?”

“వేంపల్లెకమ్మా, కూతురింటికి. మనవరాలికి పాలు కావాలంట.”

తానొచ్చిన పల్లె పేరూ చెప్పాడు. అక్కడ రోగం బయటపడిందని ఆ ఉదయమే కబురొచ్చింది.

“ముందుకు పోనీకూడదు తాతా.”

“అట్లయితే ఎనక్కి పోతా.”

“ఎనక్కీ పోకూడదు. దోవలో ఉండే ఊళ్లకంతా అంటుకుంటాది.”

ఆయన ఆవు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మరి ఆకాశంలోకి పోవాల్నామ్మా?”

పక్కన పంచర్ల అంగడి పెట్టుకున్న సాయిబు ఇదంతా వింటున్నాడు. “నా అంగడి ఎనక రేకుల షెడ్డు ఖాళీగా ఉండాది. ఆడ కట్టేసుకో మామా” అన్నాడు. దరిదాపుల్లో వేరే పశువులు లేవు. పై అధికారికి ఫోను చేస్తే ఆవును అక్కడే ఉంచి చూడమన్నారు.

“ఆపింది ఆవును మాత్రమే తాతా. నువ్వు బస్సెక్కి పోవచ్చు.”

“దాన్నిడిసిపెట్టి నేను పోను” అని ఆయన అక్కడే తువ్వాలు పరుచుకున్నాడు.

కొన్నాళ్లకు ఆవుకు జ్వరం తగిలింది. మెడ మీద, కాళ్ల మీద గడ్డలు లేచాయి. పాలు ఎండిపోయాయి. నేను సూదులు వేసేదాన్ని. ఆయన పుండ్లకు వేపాకు, పసుపు నూరి పట్టించేవాడు. ఈగలు, దోమలు వాలకుండా పొగ పెట్టేవాడు. ఆ పొగకు సాయిబు దగ్గుతూనే, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నంలో సగం ఆయనకు పెట్టేవాడు. నా డ్యూటీ అయిపోయినా ఆవు ఊపిరి ఒకసారి చూడనిదే బస్సెక్కబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు ఆయన కూతురు బిడ్డను ఎత్తుకుని షేర్ ఆటో దిగింది. దిగీదిగగానే నా మీదికి వచ్చింది.

“మా నాయన ఏం దొంగతనం చేసినాడని రోడ్డు మీద కూచోబెట్టినారు?”

నేను నోరు విప్పేలోపే పెద్దాయన ఆమెను షెడ్డు వాకిటి దాకా తీసుకుపోయాడు. లోపలికి పోనివ్వకుండా ఆవును చూపించాడు.

“ఇది మీ ఇంటికొచ్చింటే మీ అత్తోళ్ల ఎద్దుల గతేమి? ఈ డాక్టరమ్మ అడ్డం పడింది కాబట్టి సరిపాయ” అన్నాడు.

తర్వాత చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని మనవరాలిని ఎత్తుకున్నాడు. కూతురు పోయేముందు తాను తెచ్చిన జొన్నరొట్టెల్లో రెండు నా చేతిలో పెట్టింది. నా మీద అరిచినందుకో, వాళ్ల నాన్నను చూసుకుంటున్నందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆవు బతికింది. గడ్డలు ఎండి రాలిపోయి, ఒంటి మీద మచ్చలు మిగిలాయి. ఇక ముందుకు పోవచ్చని మా అధికారులు చెప్పిన రోజు సాయిబు అంగడి మూసి, తాతతో, ఆవుతో పాటు ఊరు దాటే దాకా నడిచాడు. ఖాళీ షెడ్డు చూస్తే నాకు దిగులేసింది.

తర్వాత వేంపల్లెలో టీకాలు వేస్తున్న డాక్టరు నాకు ఫోను చేశాడు. టీకా వేస్తే పాలు తగ్గుతాయని జనం పశువులను దాచిపెడుతుంటే, ఎవరో ముసలాయన మచ్చల ఆవును వీధి వీధీ తిప్పుతున్నాడట. “ఇట్ల కావాల్నా మీ ఆవులకు? తోలకరాండి బయటికి!” అని కేకలేస్తున్నాడట.

“ఎవరాయన? నీ పేరు చెప్తాండాడు” అని అడిగాడు డాక్టరు.

“మా తాత” అన్నాను.