మబ్బు పక్కన పొగ

నా ఉద్యోగం గాలి లెక్కలు. బంధువులకు ఈ మాట చెప్తే నవ్వుతారు. నేనూ నవ్వుతాను, నవ్వకపోతే వివరించాల్సి వస్తుంది. ఉపగ్రహం పంపిన చిత్రాలు చూసి గాలిలో పొగ, దుమ్ము, ఉప్పు రేణువులు ఎంతున్నాయో అంచనా కడతాం. ఆ అంచనా సరో కాదో తేలాలంటే, అదే వేళకు నేల మీద ఒక మనిషి చేతి పరికరాన్ని సూర్యుడికి గురిపెట్టి రీడింగు తీయాలి. నెల్లూరు తీరంలో ఆ మనిషి మా అక్క.

అక్కావాళ్లది విడవలూరు దగ్గర వరి సేద్యం. రోజూ పదిన్నరకు స్టవ్ ఆపి మిద్దె ఎక్కేది. నేను నేర్పిన నియమం ఒకటే: సూర్యుడి దగ్గర మబ్బుంటే రీడింగు వద్దు, నోటుబుక్కులో ‘మబ్బు’ అని రాస్తే చాలు.

‘‘మబ్బుతో పాటు పొగ గూడా ఉంటే?’’ అని ఒకసారి అడిగింది.

‘‘అది లెక్కలోకి రాదులే అక్కా’’ అన్నాను.

రాకపోవడానికి కారణం ఉంది. మబ్బు మీది తెల్లటి వెలుగు పక్కనున్న గాలి మీద కూడా పడుతుంది. అక్కడి తేమకు రేణువులు ఉబ్బుతాయి. పైనుంచి చూస్తే గాలి ఉన్నదానికంటే మురికిగా కనిపిస్తుంది. అందులో నిజం ఎంతో, మబ్బు చలవ ఎంతో తేల్చడం కష్టం. అందుకని మబ్బునూ, దాని చుట్టూ కొంత మేరనూ తీసేసే పద్ధతి పెట్టాను. పని తగ్గింది, జాగ్రత్తపరుడినని పేరు వచ్చింది. రేణువులతో పాటు నేనూ కాస్త ఉబ్బాను.

అక్కకు ఆయాసం. నిరుడు రెండో పంట, ఎడగారు కోతలకు ముందు ఫోన్ చేసింది.

‘‘రేయ్, కోతలయ్యిందాకా నెల్లూరులో కూతురింటికాడ ఉండమంటా ఉండాడు డాక్టరు. నువ్వు పైనుంచి చూస్తావు గదా, ఈడ గాలి ఎట్టుందో చెప్పు.’’

పాత ఏళ్ల పటాలు తెరిచాను. కోతల నెలలో మా తీరమంతా నీలం. నీలమంటే శుభ్రం.

‘‘టౌన్‌లో బస్సుల పొగ పీల్చేదానికా పోయేది? మీ గాలే నయం.’’

‘‘సదువుకున్నోడివి, నువ్వు చెప్పినాక ఇంకేంది’’ అని ఊళ్లోనే ఆగిపోయింది.

పది రోజులకు ఊపిరాడడం లేదని ఆసుపత్రిలో చేర్చారు.

అక్క బట్టలు తేవడానికి బావతో కలిసి ఇంటికి వెళ్లాను. పరికరం పక్కనే నోటుబుక్కు ఉంది. వరసగా ఆరు రోజులు ఒకటే రాత: ‘మబ్బు. పొగ.’ వెనక్కి తిప్పాను. అంతకు ముందటి ఏడు కూడా కోతల రోజుల్లో అదే. ఆ పేజీల్లో రీడింగులు లేవు కాబట్టి నేను ఎప్పుడూ చదవలేదు.

‘‘రెండూ ఒకేరోజు ఎట్టొస్తాయి బావా?’’

‘‘మబ్బు పడితేనే గదా బామ్మర్దీ అంటించేది. మిషను కోసిన గడ్డి వానకు నానిందంటే ఇంక కాలదు, మడి దున్నలేం. సముద్రం మీద మబ్బు లేస్తే ఊరంతా అగ్గిపెట్టెలు తీస్తారు.’’ అక్క బట్టలు సంచిలో సర్దుతూ, ‘‘మేమూ అంతే’’ అన్నాడు.

మబ్బున్న చోటల్లా నేను చెరిపేసింది ఆ పొగనే. పటంలో మిగిలిన నీలం ఎవరూ గడ్డి తగలబెట్టని రోజులది. అక్కకు చూసి చెప్పిన గాలి అదే.

ఆసుపత్రిలో దాచకుండా చెప్పాను. ఆక్సిజన్ మాస్కు కిందికి లాగి, తాపీగా అడిగింది.

‘‘నేను రాసినా గదరా. చదవలా?’’

‘‘లేదక్కా.’’

మాస్కు మళ్లీ పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. ఏడాదిగా నేను ఎన్ని వేళాకోళాలు ఆడినా ఆ ప్రశ్న మీద ఒక్కటీ ఆడలేకపోయాను.

మబ్బు పక్కన గాలిని కొలిచే దారి కోసం ఇంకా తంటాలు పడుతున్నాను. అంకెలు వస్తున్నాయి గాని నమ్మకం రావడం లేదు. చేయగలిగింది ఒక్కటే చేశాను: మబ్బు కమ్మిన రోజులు ఎక్కువైన చోట పటంలో నీలం తీసేసి బూడిద రంగు వేశాను. ‘తెలియదు’ అని దాని అర్థం. ఆఫీసులో పైవాళ్లకు ఆ రంగు నచ్చలేదు.

ఈ ఏడు అక్క అడగకముందే ఫోన్ చేశాను.

‘‘గాలి సంగతి నాకు తెలీదక్కా. నువ్వు మాత్రం నెల్లూరు పో.’’

‘‘మరి రీడింగు?’’

‘‘బావ తీస్తాడులే.’’

అక్క వెళ్లింది. నిన్న బావ నోటుబుక్కు పేజీ ఫొటో తీసి పంపాడు. పెద్ద పెద్ద అక్షరాలతో మూడు మాటలు రాశాడు: ‘మబ్బు. పొగ. మాదే.’