గాలి లేని గొట్టానికి ఒడిబియ్యం

ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తలచుకుంటే, ఆ రోజుల్లో నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు. ఏమీ తెలియనివాళ్లకు దేవుడు ముందుగా ధైర్యం ఇచ్చి, తెలివి సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటాడేమో. చిన్నప్పుడు నాకు ఆయాసం జబ్బు ఉండడంతో బడికి పంపలేదు. మా నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేదాన్ని. బాపు బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చి, క్వార్టరు వాకిట్లో గచ్చు మీద సుద్దముక్కతో ఒక బోల్టును ముందునుంచి చూస్తే ఎలా ఉంటుందో, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీసి చూపించేవాడు. తెల్లారి అవ్వ వాటి మీదే నీళ్లు చల్లి ముగ్గు వేసేది. (ఒకసారి సగం చెరిగిన గేరు చక్రం మీదుగా ముగ్గు వేసింది. వాడకట్టు ఆడవాళ్లంతా ఆ ముగ్గు ఎలా వేయాలో చెప్పమని అవ్వ వెంటపడ్డారు.) పరీక్షలన్నీ ఇంటినుంచే ప్రైవేటుగా రాసి గట్టెక్కాను. బాపు రిటైరై మేం కరీంనగర్ వచ్చాక కంప్యూటరు మీద డ్రాయింగు గీయడం నేర్చుకుని, ఊరి బయట గ్రానైటు యార్డుల నడుమ ఉన్న ఒక స్టీలు వర్క్‌షాపులో చేరాను. డెయిరీలకు పాలట్యాంకులు చేసే చోటది. యజమానిని అందరూ సేటు అనేవారు. వర్క్‌షాపు వెనకే వాళ్ల ఇల్లు. ఆయన తల్లిని అందరం పెద్దవ్వ అనేవాళ్లం. నేను డ్రాయింగు పిల్లను.

పాలట్యాంకుల వెల్డింగులో పురుగు దాగేంత సందు కూడా ఉండకూడదు. మావాళ్ల వెల్డింగు అంత శుభ్రంగా ఉండేది కాబట్టే, ఎక్కడో దూరాన ఉన్న ఒక పరిశోధన సంస్థవాళ్లకు మా పేరు ఎవరో చెప్పారు. ఆ సంస్థనుంచి ఒక సారు వచ్చాడు. వస్తూనే సంచిలోంచి గ్లౌజులు తీసి మా అందరికీ పంచిపెట్టాడు కాబట్టి ఆయన గ్లౌజుల సారు అయిపోయాడు. వాళ్లు ఒక పెద్ద మైదానమంత చుట్టుకొలత ఉన్న గొట్టాల వలయం కడుతున్నారట. దాంట్లో ఎలక్ట్రాన్లు గంటల తరబడి గిరగిరా తిరుగుతుంటాయట. దారిలో గాలి అడ్డం తగిలినా చెదిరిపోతాయి కాబట్టి, గొట్టం లోపల గాలి కూడా ఉండకూడదట. ఆ వలయాన్ని ముక్కలు ముక్కలుగా చేసి కలుపుతారు. అందులో వంపు తిరిగే ముక్కలు మేం చేయగలమా అన్నది ప్రశ్న. లోపల ఒక్క వేలిముద్ర పడినా దాని జిడ్డు నెలల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుందని ఆయన చెబుతుంటే, పొద్దున్నే తలకు కొబ్బరినూనె దట్టంగా పెట్టుకుని వచ్చిన నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఏ కాలేజీలో చదివావమ్మా అని సారు అడిగాడు. ఇంట్లోనే చదువుకున్నానన్నాను. ఆయన ముఖం చిట్లించలేదు, మెచ్చుకోనూ లేదు. ఒక్క ముక్క చేసి చూపించండి, గాలి తీసే పరీక్షలో నెగ్గితే మిగతావన్నీ మీకే ఇస్తాం, నెగ్గకపోతే పట్నంలో పెద్ద కంపెనీ ఉండనే ఉంది అన్నాడు. అప్పటికి డెయిరీల పని బాగా తగ్గిపోయింది. మా వెల్డర్లు ఒక్కొక్కరే గల్ఫ్‌కు పోవడానికి పాస్‌పోర్టులు సిద్ధం చేసుకుంటున్నారు. ఆ ఒక్క ముక్క నెగ్గకపోతే షాపు షటరు దించేయడమేనని సేటు మాతో అనలేదు గానీ, ఆయన రోజూ వెల్డర్ల ముఖాలు చూసే తీరులోనే మాకది తెలిసిపోయేది.

సారు ఇచ్చిన కొలతలతో నేను డ్రాయింగు మొదలుపెట్టాను. మనిషి నిలువెత్తు పొడవు, కాస్త వంపు, లోపల పక్కపక్కన రెండు అరలు. ఒక అరలో ఎలక్ట్రాన్లు తిరుగుతాయి. రెండో అరలోంచి పంపు గాలిని లాగుతుంది. రెండింటికీ మధ్య పొడవునా సన్నని సందు ఉంటుంది. ఈ మొత్తంలో నా సొంత తెలివి ఒక్కటే. పంపు తగిలించే మూతిని పైకి తెచ్చి, కొంచెం వెడల్పు చేస్తే గాలి తొందరగా బయటికి వస్తుందని లెక్క వేసి చూపించాను. సారు రెండుసార్లు లెక్క చూసి, సరే అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటూ ఆ మూతి గురించి ఎంత చెప్పానంటే, ఇక చాలు బిడ్డా, మాకందరికీ మూతులున్నయి అని బాపు అనవలసి వచ్చింది.

ముక్క తయారయ్యేసరికి వర్క్‌షాపు మూలన ప్లాస్టిక్ పరదాలతో ఒక గది కట్టాం. చెప్పులు విడిచి, టోపీ పెట్టుకుని, గ్లౌజులు తొడుక్కున్నాకే లోపలికి రావాలి. పెద్దవ్వ రోజూ మధ్యాహ్నం ఆ పరదా అవతల పీట వేసుకుని కూర్చుని మమ్మల్ని చూసేది. ఒకరోజు నన్ను పిలిచి, ఇంత కష్టపడి చేసి లోపల ఏం పెడతారని అడిగింది.

"ఏం పెట్టం పెద్దవ్వా. లోపల గాలి సుత ఉండొద్దు."

"మరి ఎక్కడికి పంపుతరు?"

"సార్లుండే కాడికి. ఇగ మళ్లీ ఇటు రాదు, అక్కడనే ఉంటది."

"అంటె అత్తగారిల్లే గద బిడ్డా."

అట్లనే అనుకో పెద్దవ్వా అని నవ్వి నా పనిలోకి వెళ్లిపోయాను. ఇంత గొప్ప విషయాన్ని పెద్దావిడకు అర్థమయ్యేలా చెప్పగలిగానని లోలోపల మురిసిపోయాను కూడా.

పరీక్ష రోజు సారు బస్సులో వస్తున్నాడని తెలిసి సేటూ నేనూ బస్టాండుకు వెళ్లాం. వెల్డర్లు అన్నానికి పోయారు. మేం తిరిగి వచ్చేసరికి గొట్టం స్టాండు మీద ఎప్పటిలాగే ఉంది, దుమ్ము పడకుండా పంపు మూతికి చుట్టిన వెండిరంగు కాగితం ఎప్పటిలాగే ఉంది. (ఎప్పటికంటే నీటుగా చుట్టి ఉందని అప్పుడే నాకు అనిపించాల్సింది.) సారు గ్లౌజులు తొడుక్కుని, కాగితం తీసీ తీయగానే తన చేతులతోనే పంపు తగిలించి, ఆన్ చేశాడు. లోపలి ఒత్తిడి చూపించే అంకె గబగబా దిగడం మొదలైంది. సేటు జేబురుమాలుతో మెడ తుడుచుకుని నవ్వాడు. అంతలో ఆ అంకె, మెట్లు దిగే మనిషి మోకాళ్లు నొప్పి పుట్టి మధ్యలో కూర్చున్నట్టు ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదలలేదు.

ఎక్కడైనా చిల్లు ఉందేమోనని ప్రతి అతుకు మీదా హీలియం వదిలి చూశాం. చిల్లు ఉంటే హీలియం లోపలికి దూరి యంత్రానికి తెలిసిపోతుంది. ఎక్కడా చిల్లు లేదు. అప్పుడు సారు, లోపల మిగిలింది ఏ రకం వాయువో చెప్పే మరో యంత్రం పెట్టాడు. దాని తెర మీది గీతలు చూసి, లోపల నీటి ఆవిరి ఉంది, ఏదో జిడ్డు కూడా ఉంది అన్నాడు. జిడ్డు అనే మాట వినగానే సేటు, వెల్డర్లు, చివరికి సారు కూడా నా టోపీ కిందినుంచి వేలాడుతున్న జడ వైపు చూశారు. నూనె పెట్టని రోజు అది, నిజంగానే పెట్టలేదు. కానీ ఆ చూపులకు నాకే అనుమానం వచ్చి జడ వాసన చూసుకున్నాను.

సరిగ్గా అప్పుడే పెద్దవ్వ చాయ్ పళ్లెంతో పరదా దగ్గరికి వచ్చింది. అందరూ పిల్లను ఎందుకట్ల చూస్తున్నరని అడిగింది. లోపల తడి ఉన్నదట, జిడ్డు ఉన్నదట అని సేటు చెప్పాడు.

"దానికి పిల్లనెందుకు అనుమానపడ్తరు?" అంది పెద్దవ్వ. "అది నేను కలిపిన నెయ్యి. పసుపు తడి సుత జర ఆరలే కావచ్చు."

అందుకున్న చాయ్ గ్లాసును సేటు తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. "ఏం నెయ్యి అవ్వా?"

"ఒడిబియ్యంల నెయ్యి. ఆడపిల్లను ఖాళీగ పంపితే మన ఇజ్జత్ ఏముంటదిరా? మీరు బస్టాండుకు పోంగనే పోసిన. ఫికర్ జేయకుండ్రి, చెప్పులు బయటనే ఇడిసిన, టోపీ పెట్టుకున్న, గ్లౌజులు ఏసుకున్న." తర్వాత నా వైపు తిరిగి ప్రేమగా అంది. "మూతి మంచిగ వెడల్పు పెట్టినవు బిడ్డా. పోసేటందుకు అల్కగ ఉన్నది."

మా దిక్కు పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటినుంచి పోయేటప్పుడు, పసుపూ నెయ్యీ కలిపిన బియ్యం ఒడి నిండా పోసి పంపుతారు. సారుది వేరే ప్రాంతం కాబట్టి సేటు తలవంచుకుని ఆయనకు ఇదంతా వివరించాడు. ఎండుకొబ్బరి కుడుకలు కూడా తెచ్చింది గానీ, అవి లోపల దొర్లి చప్పుడు చేస్తాయని గొట్టాన్ని పంపడానికి పక్కన ఉంచిన చెక్కపెట్టెలో పెట్టిందట. సారు పంపు ఆపి, ఊడదీసి, దాని మూతికి ఉన్న సన్నని జల్లెడను వేలితో తడిమి, గింజ ఒక్కటీ పంపులోకి పోలేదని చూసుకున్నాడు. షాపు పని అయిపోయిందని నేను అనుకున్నాను. వెల్డర్లలో ఒకతను అప్పుడే దుబాయ్‌లో దిగినట్టు ముఖం పెట్టాడు.

"చిల్లు ఉంటే మీ పని బాగాలేదనేవాణ్ణి," అన్నాడు సారు చివరికి. "చిల్లు లేదు. ఎందుకు ఆగిందో తెలిసింది. తెలియకపోతేనే నాకు భయం. బియ్యం తీసి, కడిగి, మళ్లీ పెట్టండి. ఎల్లుండి దాకా ఉంటాను. కానీ ఒక్క గింజ లోపల మిగిలినా నేను సంతకం పెట్టను."

బియ్యం తీయడం అంటే మాటలు కాదు. గింజలన్నీ రెండు అరల మధ్య నేను గీసిన ఆ సన్నని సందులోకి దూరాయి. అక్కడికి చెయ్యి పోదు, కన్ను పోదు. గొట్టాన్ని గొలుసులకు వేలాడదీసి అటూ ఇటూ వంచితే కొన్ని రాలాయి, కొన్ని అటునుంచి ఇటు పోయాయి. పెద్దవ్వ పరదా అవతలినుంచి, అట్ల గాదు, చాట చెరిగినట్టు ఎగరేసి మలపాలె అని చెప్పడం మొదలుపెట్టింది. చాట ఎన్నడూ పట్టని ఇద్దరు వెల్డర్లు ఆ స్టీలు గొట్టాన్ని చెరుగుతుంటే, మీ పెండ్లాలు ఎట్ల ఏగుతుండ్రురా మీతోని అంది. కొంత చెరిగి, కొంత గాలి గొట్టంతో ఊది, మొత్తానికి గింజలు రావడం ఆగాయి. అయిపోయిందని సేటు అన్నాడు. అయిపోయిందని ఎలా తెలుస్తుందని సారు అడిగాడు.

ఎంత పోశారమ్మా అని సారు పెద్దవ్వను అడిగాడు. నిండు మానెడు అంది. ఇంట్లోంచి బియ్యం కొలిచే అదే మానిక తెప్పించి, రాలిన బియ్యమంతా అందులో పోశారు. సారు ఒంగి, యంత్రం అంకె చూసినంత శ్రద్ధగా మానిక అంచు చూశాడు. కొంచెం తక్కువైంది. ఆ కొంచెం లోపలే ఉందన్నాడు. గొట్టాన్ని మళ్లీ గొలుసులకు ఎక్కించమని సేటు వెల్డర్లకు సైగ చేశాడు.

పెద్దవ్వ మాత్రం నిమ్మళంగా ఉంది. "లోపలెందుకుంటది సారూ? పోసినంక పిడికెడు తిరిగి తీసి దేవుని కాడ పెట్టిన. పుట్టింటికి సుత మిగలాలె గద."

సేటు పరుగున ఇంట్లోకి వెళ్లి, దేవుని గూట్లోంచి ఆ పిడికెడు బియ్యం గుడ్డలో తెచ్చాడు. మానికలో పోస్తే అంచు దాకా వచ్చి నిలిచింది. సారు తల పైకెత్తి, మొదటిసారి నవ్వాడు. ఇంత కచ్చితంగా లెక్క అప్పజెప్పినవాళ్లు తన సంస్థలో కూడా తక్కువేనని అన్నాడో, లేక అలా అన్నాడని సేటు తర్వాత కల్పించాడో నాకు సరిగా గుర్తులేదు.

ఆ సాయంత్రమంతా సబ్బునీళ్లతో, వేడినీళ్లతో గొట్టాన్ని కడిగాం. పసుపునీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగాం. వేడి పట్టీలు చుట్టి, లోపల పట్టుకున్న తడి అంతా వదిలేలా కాల్చాం. రెండోరోజు పొద్దున పంపు నడుస్తుంటే అందరం ఆ అంకె చుట్టూ నిలబడ్డాం. ముందటిసారి ఆగిన చోటికి అంకె వచ్చింది. సేటు కళ్లు మూసుకున్నాడు. నేను పరదా పట్టుకుని, చిన్నప్పటినుంచీ నన్ను కాచిన దేవుణ్ణే మొక్కుకున్నాను. నీవు లేని చోటు లేదంటరు గద తండ్రీ, గీ గొట్టంల మాత్రం ఏమీ లేకుండ చూడు అని. పెదవుల మీదే మొక్కుకున్నాననుకున్నాను గానీ, పక్కనున్న సారుకు వినబడింది. ఆయన నా వైపు తిరిగి చూసి, మళ్లీ అంకె వైపు తిరిగాడు. అంకె ఆ చోటు దాటింది. దాటి, ఇంకా కిందికి, ఆయనకు కావలసిన దానికంటే కూడా కిందికి దిగింది.

మిగతా ముక్కలన్నీ మాకే వచ్చాయి. పాస్‌పోర్టులు బీరువాల్లోకి వెళ్లాయి. ఇప్పుడు నా దగ్గర డ్రాయింగు నేర్చుకునే పిల్లలున్నారు, పరదాల స్థానంలో అద్దాల గది ఉంది. ఏ ఒత్తిడి దగ్గర అంకె ఎందుకు ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పొద్దున్నే దీపం పెట్టి కూర్చుంటే, దేవుణ్ణి ఏది అడగొచ్చో, ఏది అడగకూడదో, ఎలా అడిగితే సబబుగా ఉంటుందో ఆలోచించీ ఆలోచించీ, చివరికి అన్నీ ఇచ్చావు చాలని ఒక దండం పెట్టి లేస్తాను. పరదా పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లకు అంత ఆలోచన లేదు. ఆ గొట్టంలోంచి కాస్త పక్కకు జరగమని దేవుణ్ణే అడిగింది. ఆయన జరిగాడో, జరగకుండానే సర్దుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడైతే అలా అడగడానికి నాకు నోరు రాదు.