చార్మినార్ రూపాయికి పూచీ ఎవరు?

మా మేనత్త పోయిందన్న కబురు నాకు భూపాలపల్లిలో, ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ ముందు కూర్చున్నప్పుడు అందింది. ఫోన్ చేసింది ఆమె కొడుకు, మా బావ.

"అమ్మ పోయిందిరా. పొద్దుగాల చాయ్ తాగింది, కుర్సీల గట్లనే ఒరిగిపోయింది," అన్నాడు. తర్వాత, "నిన్న గూడ అడిగిందిరా, రూపాయి వచ్చిందా అని," అన్నాడు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ రూపాయి ఇంకా రాలేదు.

ఏ రూపాయో చెప్పాలంటే ముందు మా అత్త సంగతి చెప్పాలి. ఆమె మహబూబాబాద్ దవాఖానాలో హెడ్ నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక కేసముద్రంలో స్థిరపడింది. మాట కరకు. మెచ్చుకున్నా తిట్టినట్టే ఉండేది. పాత నాణేలు పోగుచేసే అలవాటు ఆమెకు చివరి ఏళ్లలో పట్టుకుంది, ఆమె నుంచి నాకు అంటుకుంది. నాణెం ముట్టుకోవాలంటే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది, కాన్పు గదిలోకి పోతున్నట్టు. అంచులు పట్టుకోకుండా నేను నాణెం మీద వేలు పెడితే, "చంటిపిల్ల మొఖం మీద చెయ్యి పెడ్తవారా?" అని కసిరేది.

ఆమె దగ్గర ఉన్నవాటిలో మొదటిది నిజాం కాలపు చార్మినార్ రూపాయి. దాన్ని ఆమె కొనలేదు. ఉద్యోగం కొత్తలో గార్ల దగ్గరి తండా నుంచి ఒక లంబాడా స్త్రీని కాన్పుకు తెచ్చారట. తల్లి దక్కుతుందా, బిడ్డ దక్కుతుందా అన్న పరిస్థితి. ఇద్దరూ దక్కారు. ఇంటికి పోయే రోజు ఆ తల్లి తన మెడలోని రూపాయల దండ నుంచి ఒకటి కొక్కెంతో సహా తెంపి, అత్త చేతిలో పెట్టి గుప్పిట మూసిందట. ఉద్యోగంలో ఎవరి దగ్గరా పండు కూడా తీసుకోని మనిషి, దాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయింది. కొక్కెం తర్వాతెప్పుడో ఊడిపోయింది, రూపాయి మిగిలింది.

హనుమకొండలో నాణేల వాళ్లంతా కలిసిన చోటికి ఒకసారి ఇద్దరం వెళ్లాం. అక్కడ ఒక వ్యాపారి ఆ రూపాయిని గాలిలోకి ఎగరేసి పట్టుకుని, "డూప్లికేట్ అమ్మా ఇది," అని బల్ల మీద పడేశాడు. కేసముద్రంలో రైలు దిగాక అత్త ప్లాట్‌ఫాం మీద ఆగిపోయింది.

"పాణం మీదికొచ్చి బతికిన మనిషి, నాకు నకిలీది ఇచ్చిందంటడా?"

"ఆమెకు మాత్రం ఎట్ల తెలుస్తది అత్తా?" అన్నాను.

"ఆమెకు తెల్వకుంటే మానె. నాకు తెల్వాలె."

అట్లా గ్రేడింగ్ కంపెనీల వెంట పడ్డాం. నాణెం అసలుదా కాదా చూసి, ఎంత చెడకుండా ఉందో మార్కులు వేసి, గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇవ్వడం వాళ్ల పని. చెప్పుకోవడానికి ఇంత సులువు. ఏ కంపెనీని నమ్మాలన్న దగ్గర మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట జనగామలో ఒక పరిచయస్తుడు "మేమే చేయిస్తం, ఇయ్యండి" అన్నాడు. వారం తిరగకముందే తళతళలాడే డబ్బాలో, గొప్ప మార్కులతో రూపాయి తిరిగొచ్చింది. అత్త వాడకట్టంతా పాలకోవా పంచింది. తర్వాత ఆ డబ్బా మీది నంబరును ఇంటర్నెట్‌లో సరిచూద్దామంటే, అట్లాంటి కంపెనీయే ఎక్కడా కనిపించలేదు. ఆరా తీస్తే, మార్కులు వేసింది తన దుకాణంలో నాణేలు అమ్ముకునే ఆ పరిచయస్తుడేనని తేలింది.

"పరీక్ష రాసెటోడే పేపర్లు దిద్దుకుంటే గిట్లనే ఉంటది," అంది అత్త. డబ్బాను తువ్వాలలో చుట్టి, వాకిట్లో బండ మీద పెట్టి, సుత్తె తెచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి డబ్బా ముక్కలైంది, రూపాయికి గీత కూడా పడలేదు.

ఆ తర్వాత ఎవరిని అడిగినా తలో మాట. విదేశీ కంపెనీ ముద్ర ఉంటేనే లోకమంతా ఒప్పుకుంటుందని ఒకరు. వాళ్లకు నేరుగా పంపలేం, మధ్యలో ఏజెంటును పట్టుకోవాలి, రానూపోనూ ఖర్చు నాణెం ధరను మించుతుందని ఇంకొకరు. నిజాం నాణేలు దేశంలోని వాళ్లకే బాగా తెలుసని మరొకరు. "అమ్మేది లేనప్పుడు గ్రేడింగ్ ఎందుకు పెద్దమ్మా?" అని అడిగిన వాడితో అత్త మళ్లీ మాట్లాడలేదు.

కంపెనీలకు ఆమే ఫోన్ చేసేది. మీరు నాణేలు అమ్ముతారా? మీ డబ్బా నంబరు కొడితే నాణెం ఫొటో కనిపిస్తుందా? దారిలో పోతే పూచీ ఎవరిది? మీరు తప్పు చెప్తే ఏం చేస్తారు? కొందరు విసుక్కున్నారు, కొందరు మంచి మార్కులు గ్యారంటీ అన్నారు. ఒక కంపెనీలో మాత్రం ఎవరో అమ్మాయి, "చూడకముందే ఏమీ చెప్పలేం మేడమ్. నకిలీ అని కూడా రావచ్చు," అంది.

అత్త ఫోన్ పెట్టేసి, "గిదే మన కంపెనీ," అంది.

"అదేంది అత్తా, నకిలీ అని రావచ్చన్నదిగా?"

"ఏం భయం లేదని ముందే చెప్పే డాక్టర్లను మస్తుగ చూసిన. తెల్వదన్నోళ్లే జర జాగ్రత్తగ చూస్తరు."

పంపాం. ఎదురుచూశాం. ఎప్పుడు ఫోన్ చేసినా "ప్రాసెస్‌లో ఉంది" అనే ఒక్క ముక్కే. ఎంపిక సరైనదే, కానీ ఎన్నాళ్లు పడుతుందో ముందే అడగాలని మాకు తోచలేదు. అత్త ఆయాసం పెరుగుతూ వచ్చింది. "నువ్వు జర గట్టిగ అడుగురా," అనేది. గట్టిగా అడిగితే ప్రాసెస్‌లోనే ఉందని గట్టిగా చెప్పారు.

దినాలన్నీ అయ్యాక పార్శిల్ వచ్చింది. బావా నేనూ కలిసి విప్పాం. డబ్బా మీద మార్కులు లేవు. నాణెం అసలైనదే, కొక్కెం తీసేసిన గుర్తు ఉంది కాబట్టి మార్కులు ఇవ్వలేదని రాసి ఉంది.

"ఫెయిలయిందారా?" అన్నాడు బావ.

"కాదు బావా. అసలుదే. కొక్కెం గుర్తున్నదని రాసిండ్రు, దండల నుంచి తెంపిన రూపాయే."

అమ్మ పోయిన రోజు నిబ్బరంగా నిలబడ్డ బావ, అప్పుడు గోడకానుకుని ఏడ్చాడు. వ్యాపారులకు లోపంగా కనిపించే ఆ గుర్తు, ఆ తండా తల్లి పక్షాన సాక్ష్యంగా నిలబడింది. అది వినాల్సిన మనిషి లేదు. ఇన్నాళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు. గాలిలోకి ఎగరేసిన వాడి మీద, పాలకోవా పంచేలా చేసిన వాడి మీద, ఆ "ప్రాసెస్" అనే మాట మీద. కొత్తగా నాణేలు పోగుచేసే వాళ్లు ఏ కంపెనీ మంచిదని నన్ను అడుగుతుంటారు. నేను పేరు చెప్పను. అత్త అడిగిన ప్రశ్నలే చెప్తాను, ఎన్నాళ్లు పడుతుందో కూడా అడగమంటాను.

అత్త అనగానే నాకు దవాఖానా గుర్తుకు రాదు, ఫొటోకు వేసిన దండ గుర్తుకు రాదు. రూపాయిని కొరియర్‌లో ఇచ్చి బయటికొచ్చిన ఆ మధ్యాహ్నమే కళ్ల ముందుంటుంది. పత్తి సీజన్. మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లతో రోడ్డు నిండిపోయింది. దాటే సందు కోసం చూస్తూ నేను అంచునే నిలబడ్డాను. అత్త అరచెయ్యి పైకెత్తి, ఎటూ చూడకుండా నడిరోడ్డులోకి నడిచింది. పత్తి కుప్పతో వస్తున్న ట్రాక్టరు కిర్రున ఆగింది. డ్రైవరు తిట్టబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఆమె చెయ్యి దించకుండానే నా వైపు తిరిగి, "రారా, నిలబడ్డవేంది?" అంది. గాలికి లేచిన దూది పింజలు ఆమె నెరిసిన జుట్టు మీద, భుజాల మీద వాలుతున్నాయి. ఆమె దులుపుకోలేదు.