ఇన్సులిన్ జన్యువుకు కొత్త డోర్ నంబరు

రేపు రేపల్లె కాలేజీలో నా ప్రసంగం. ఇన్సులిన్ జన్యువు క్రోమోజోముపై ఎక్కడుందో, ఆ స్థానపు సంఖ్యతో సహా చార్టు మీద ఎర్ర ఇంకుతో నేనే రాసుకున్నాను. సరిచూసుకుందామని ఈ సాయంత్రం తెనాలి నెట్ సెంటరులో, జన్యువుల చోట్లు చూపించే జీనోమ్ బ్రౌజర్ తెరిచాను. మానవ జీనోమ్ పటాన్ని కొత్తగా సవరించారట. "నా సంఖ్య దగ్గర జన్యువే లేదు!" అని పైకే అనేశాను.

"ఏంటి మామ్మగారూ, ఖాళీ చేసి వెళ్ళిపోయిందాండి?" అన్నాడు సెంటరు యజమాని.

"అది అక్కడే ఉంది నాయనా. నంబర్లు మార్చారు."

"మన మున్సిపాలిటీ వాళ్ళేనాండి?"

కొత్త సంఖ్య కాగితం మీద రాసుకుని ఇంటికి వచ్చాను. గేటు మీద పాత డోర్ నంబరూ, కొత్త డోర్ నంబరూ రెండూ కనిపించాయి. ఎర్ర ఇంకు ఎలాగూ చెరగదు కనుక చార్టు మీదా అలాగే పాత సంఖ్య పక్కన కొత్తదీ రాశాను. రేపు ఎవరైనా నవ్వితే, ముందు తమ గేటు చూసుకుని రమ్మంటాను. ఇంతకీ మీ ఇంటికి ఎన్ని నంబర్లున్నాయండి?