టైపు పరీక్ష, వరండా కిటికీ

1961లో సూళ్లూరుపేట బజారులో, బియ్యం కొట్టు మీది మేడగదిలో నేను టైపు, షార్ట్‌హ్యాండ్, బుక్ కీపింగ్ నేర్పేవాణ్ణి. మిషన్లన్నీ ఒక్కసారి మోగితే కింద బియ్యం బస్తాలు వాటంతట అవే తూకమెక్కేవి. మా వృత్తికి వేగం, మిషను విప్పి బిగించే నేర్పు ఉంటే చాలని నమ్మేవాణ్ణి. రెండూ నాలో పొంగి పొర్లుతున్నాయని కూడా నమ్మేవాణ్ణి.

దొరవారిసత్రం పాస్టరు గారి కూతురు సుగుణమ్మ నా దగ్గర నేర్చుకునేది. ఆమె వేళ్లు కీబోర్డు మీద వడగళ్ల వానలా పడేవి. పరీక్ష అంటే చాలు, ఎండుచేపల్లా బిగుసుకునేవి. లోయర్ గ్రేడ్, అంటే టైపులో మొదటి సర్కారు పరీక్ష, ఒకసారి అలాగే పోయింది. ఒక ఆసుపత్రివాళ్లు టైపిస్టు ఉద్యోగం ఆమె కోసం ఆపి పెట్టారు. ఈసారి తప్పితే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అప్పట్లో పరీక్షకు ఎవరి మిషను వాళ్లే మోసుకుపోవాలి. మా మిషనుకు గోనెపట్ట చుట్టి నెల్లూరు రైల్లో ఒళ్లో పెట్టుకున్నాను. గూడూరు దాటేసరికి నా తొడలు పలకలైపోయాయి.

"సార్, ఇప్పుడే చేతులు చల్లబడిపోతా ఉండాయి. ఆడికి పోయినాక ఏమైతాయో," అంది సుగుణమ్మ.

"ఏం గాదులేమ్మా," అన్నాను. నా గొంతులోని వణుకు విని పైబల్ల మీద నిద్రపోతున్న ముసలాయన లేచి కూర్చున్నాడు. "ఎవురికి బాగలేదు నాయనా?" అన్నాడు.

నెల్లూరులో పరీక్ష జరిగే హాల్లో నేర్పేవాళ్లను ఉండనివ్వలేదు. మిషను బల్లమీద పెట్టేసి, వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. గంట కొట్టారు, హాల్లో మిషన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆ మోతకు పెన్నా నది వెనక్కి మళ్లే ఉంటుంది. కాసేపటికి అందులో మా మిషను గొంతు ఆగిపోయింది. కీ జామ్. రెండక్షరాల కడ్డీలు ఒకేసారి లేచి పెనవేసుకున్నాయి. వేలితో మెల్లగా విడదీస్తే సరిపోతుంది, ఆమె ఎన్నోసార్లు చేసిన పనే. కాని ఆమె చేతులు గాలిలోనే ఆగాయి. తలెత్తి నా వైపు చూసింది.

కిటికీ తలుపు అద్దంలో నా మొహం నాకే కనిపించింది. కళ్లు కొబ్బరికాయలంత, నోరు పులికాట్ సరస్సంత. పడవ మునిగిందన్న కబురు తెచ్చినవాడి మొహం. అది చూసి ఆమె పెదవులు పాలిపోయాయి.

సైగ చేస్తే ఆమెను పరీక్ష నుంచి లేపేస్తారు. ఏం చెయ్యాలో తోచలేదు. చువ్వలకు భుజం ఆనించి, ఏనుగుకైనా నిద్ర తెప్పించేంత ఆవలింత తీశాను. తీరిగ్గా చెవి గోక్కున్నాను.

బంట్రోతు వచ్చాడు. "నిద్దరొస్తా ఉంటే ఆ అరుగు మీద పండుకో అయ్యోరా. ఈడ నిలబడగూడదు."

"అట్నే నాయనా," అని కాళ్లీడ్చుకుంటూ కదిలాను. వెనక్కి చూసే ధైర్యం లేదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మా మిషను మళ్లీ మోగింది.

"మీరు ఆవలిస్తా ఉంటే, ఇంత చిన్న పనేనా అనిపించింది సార్," అంది సుగుణమ్మ, పరీక్ష ముగిశాక బయటికొచ్చి. "కడ్డీలు ఇడదీసినా. ఆఖరి లైను దాకా కొట్టినా."

నేను అక్కడే నేలమీద చతికిలబడ్డాను. కిందపడిందేదో వెతుకుతున్నట్టు నటించాను. ఆమె పాసైంది, ఆసుపత్రిలో చేరింది.

ఈ వాణిజ్య పాఠాలు చెప్పడానికి ఏం కావాలని, నేర్పే పనిలో కొత్తగా చేరేవాళ్లు అడుగుతుంటారు. వేగం కావాలి, మిషను తెలియాలి. అంతకన్నా ముందు, నేర్చుకునేవాళ్లు తమ భయాన్ని మన మొహంలో చూసి కొలుచుకుంటారని తెలియాలి. నాకు ప్రతి పరీక్షకూ ఇప్పటికీ భయమే. అద్దం ముందు కాసేపు ఆవలింత సాధన చేసిగాని ఇల్లు కదలను.