అరవై నాలుగో రిపోర్టు

సూదిపిన్నికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అది అతుక్కుపోయి ఇరవై ఆరేళ్ళయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆ వీధిలో పిల్లలు మారాం చేస్తే తల్లులు బూచాడిని పిలవరు, సూదిపిన్నిని పిలుస్తారు. నిజానికి ఆవిడ సూది గుచ్చితే చీమ కుట్టినంత కూడా ఉండదు. ఆ సంగతి ఆ తల్లులకీ తెలుసు. అయినా బెదిరించడానికి ఎవరో ఒకరు కావాలి కదా!

మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుకు మెట్లెక్కితే ల్యాబ్. ముందు గదిలో నాలుగు కుర్చీలు, లోపలి గదిలో మైక్రోస్కోపు, ఫ్రిజ్, రక్తం పరీక్ష చేసే పాత మిషన్. యజమాని డాక్టరుగారు కింద క్లినిక్‌లో కూర్చుంటారు. పైన పిన్ని ఒక్కతే. పొద్దున ఏడింటికల్లా పరగడుపున వచ్చిన జనం కుర్చీల్లో కునుకుతూ ఉంటారు. చెయ్యి చాపుతారు, డబ్బా ఇస్తారు, ఆకలేసి పరిగెడతారు. సాయంత్రం రిపోర్టుకి వచ్చినవాళ్ళు మాత్రం కాసేపు నిలబడతారు, అదీ అంకె హద్దు దాటిందని పక్కన నక్షత్రం గుర్తు ఉంటేనే. అన్నీ బాగున్నవాడు పిన్ని మొహం కూడా చూడడు. వచ్చిన పని అయ్యాక ఎవరు మాత్రం ఎందుకుంటారు?

నక్షత్రం ఉందంటే కొంప మునిగినట్టు కాదని పిన్ని చెప్పినంత ఓపికగా డాక్టరుగారు కూడా చెప్పరు. నీళ్ళు తాగకపోతే ఒక అంకె పెరుగుతుంది, నిన్న బరువులెత్తితే ఇంకొకటి పెరుగుతుంది. ఒకసారి ఒక పెద్దావిడ మూత్రంలో చక్కెర అంతా ఇంతా కాదు, ముంచిన పరీక్ష పట్టీ రంగు ఆ చివరిదాకా మారిపోయింది. రక్తంలో చూస్తే చక్కెర మామూలే. ఇదేం విడ్డూరమని ఆరా తీస్తే, ఆవిడ తెచ్చింది తేనె సీసాలో. సగం కడిగి తెచ్చింది, మహాతల్లి! అప్పటినుంచీ పిన్ని అందరికీ చెప్పే మాట ఒకటే. ఒక అంకె మాట ఎప్పుడూ నమ్మొద్దు, పక్క అంకెని కూడా సాక్షి అడగాలి.

అంత తెలివైన మనిషి తన తమ్ముడి దగ్గర మాత్రం బోర్లా పడింది. అమ్మానాన్న పోయాక వాణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది, తను చేసుకోవడం మర్చిపోయింది. ఆరేళ్ళ కిందట తమ్ముడి అత్తవారింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, వాడి లివర్ పరీక్షలో ఏ అంకె ఎంత పెరిగిందో, తాగుడు మానకపోతే ఏమవుతుందో వియ్యాలవారి ముందే విడమరిచి చెప్పింది. చెప్పింది నిజమే, చెప్పిన చోటే తప్పు. తమ్ముడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తరవాత ఇల్లు మారాడు, ఫోన్ చెయ్యలేదు. కొత్త నంబరు ఒక చుట్టం దగ్గర అడిగి రాసుకుంది గానీ, చేసే ధైర్యం ఆమెకీ లేకపోయింది. ఒంటిగదిలో ఒక చెంచా, ఒక గ్లాసు కడుక్కుని పడుకోవడం అలవాటైపోయింది. అలవాటైంది గదా అని బాధ లేదనుకునేరు, ఉంది.

అసలు కథకొద్దాం. మిషన్ సరిగ్గా పని చేస్తోందా లేదా అని తేల్చడానికి ఎంత రావాలో ముందే తెలిసిన ద్రవం ఒకటి పెట్టి చూడాలి. బయట కొంటే అది ఖరీదు. డాక్టరుగారు పిసినారి కాదు, పొదుపరి. ఆయనే అంటారు లెండి ఆ మాట. అందుకని పిన్ని ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి సోమవారం తలుపు తియ్యగానే తన రక్తం తనే తీసుకుని మిషన్లో పెట్టేది. కిడ్నీలు బాగున్నాయా లేదా చెప్పే అంకె, క్రియాటినిన్ అంటారు, ఆమెది ఎప్పుడూ 0.8. అది వస్తే మిషన్ బుద్ధిగా ఉన్నట్టు. కాస్త అటూ ఇటూ అయితే, మిషన్ లోపల సర్దుబాటు అంకె ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి 0.8కి తెచ్చేది. ఇన్నేళ్ళూ ఊరందరి రక్తానికీ ఆమె రక్తమే తూకం రాయి. ఆ సంగతి ఆమెకి లోలోపల గర్వం కూడా. ఎవరింట్లోనూ తన అవసరం లేకపోయినా, ఇక్కడ తను లేనిదే తూకం లేదు.

పోయిన ఏడాది ఒక సోమవారం 0.9 వచ్చింది. మిషన్ ముసలిదైంది అనుకుని తిప్పింది. రెండు నెలలకి మళ్ళీ పెరిగింది, మళ్ళీ తిప్పింది. అలా ఏడాది పొడుగునా చిన్న చిన్నగా తిప్పుతూనే ఉంది. సాయంత్రానికి చీలమండల మీద చెప్పుల పట్టీ అచ్చుపడేది. రోజంతా నిలబడితే అంతేగా అనుకుంది. పొద్దున మూత్రం నురగ వచ్చేది. బాత్రూంలో కొత్త సబ్బునీళ్ళు పోశాను కదా అనుకుంది. పక్కవాడి మూత్రంలో నురగ చూస్తే వెంటనే పట్టీ ముంచే మనిషి! దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

ఆ చీకట్లో చిక్కుకున్నది చెప్పుల షాపు పక్క సందులో ఉండే దర్జీ. అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కుట్టు మిషన్ తొక్కి తొక్కి వచ్చినవే. డాక్టరుగారు నొప్పి మాత్రలు రాస్తూ, కిడ్నీలకి పడతాయో లేదోనని నెలనెలా పరీక్ష చేయించేవారు. పిన్ని రిపోర్టు 1.3 అని చెప్పేది, హద్దుకి కాస్త దగ్గరగా ఉంది గానీ పరవాలేదని ఆయన మాత్రలు కొనసాగించేవారు. ఆ నెల మూత్రం కూడా పరీక్షకి వచ్చింది. పట్టీ ముంచితే ప్రోటీన్ మూడు ప్లస్సులు, అంటే కిడ్నీలోంచి బాగా కారిపోతోందని. పిన్ని దర్జీ కాళ్ళ వైపు చూసింది. వేలితో నొక్కితే గుంట పడింది, పూడటానికి చాలాసేపు పట్టింది.

మూత్రం ఒకటి చెబుతోంది, రక్తం ఇంకొకటి చెబుతోంది. సాక్షులు కలవలేదు. మిగిలిన రక్తాన్ని ఊరవతల పెద్దాసుపత్రి ల్యాబ్‌కి తనే బస్సెక్కి తీసుకెళ్ళింది. అక్కడ 2.1 వచ్చింది. వాళ్ళ మిషనే తప్పు అంది ముందు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! కానీ మనసు ఊరుకోలేదు. తిరిగొచ్చి, పరీక్ష మందుల కిట్ డబ్బాతో పాటు వచ్చే తూకం ద్రవం చిన్న సీసా, రెండు మూడుసార్లకి కూడా చాలదని ఎప్పుడూ వాడకుండా ఫ్రిజ్‌లో మూలకి తోసేసేది, తీసి మిషన్లో పెట్టింది. సీసా మీద 2.0 అని ఉంది. మిషన్ 1.2 అంది.

మిషన్ అందరికీ తగ్గించి చెబుతోంది. తగ్గించిందెవరు? ఆ సర్దుబాటు అంకెని తిప్పిన చెయ్యి ఎవరిది? సీసాని నమ్మి మిషన్‌ని సరిచేసి, ఆ సోమవారం తీసిన తన రక్తమే మళ్ళీ పెట్టింది. 1.3. తన మూత్రంలో పట్టీ ముంచింది. రంగు మారింది. ఏడాదిగా చెడింది మిషన్ కాదు, తూకం రాయి. తన కిడ్నీల కన్నా ముందు ఆమెకి గుర్తొచ్చింది దర్జీ ఇంకా ఆ మాత్రలు మింగుతున్నాడన్న సంగతి.

కిందికి దిగి చెబితే, డాక్టరుగారు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవారేం కాదు, భయపడ్డారు. ఇవాళ్టి నుంచి సరి చెయ్యమన్నారు. దర్జీకి మాత్రలు ఏదో వంక చెప్పి తానే ఆపేస్తానన్నారు. పాతవి మాత్రం తవ్వొద్దన్నారు.

"తవ్వితే ల్యాబ్ ఉండదమ్మా. నీ ఉద్యోగమూ ఉండదు. నీకు ఇంకేముంది చెప్పు?"

ఆ ఆఖరి మాట సూదిలా దిగింది. నిజమే, ఇంకేముంది? పిన్ని తలూపి మెట్లెక్కింది. పైకెళ్ళి రిజిస్టరు తీసింది. ఏడాది పేజీలన్నీ తిప్పి, అంకె హద్దుకి దగ్గరగా ఉన్నవాళ్ళనల్లా ఒక కాగితం మీద రాసింది. అరవై మూడు మంది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని, ముందు దర్జీ దగ్గరికి నడిచింది.

షాపులో దర్జీ, కొడుకు, కోడలు, ముసలి భార్య అందరూ ఉన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కముందే పిన్ని గడపలోనే చెప్పేసింది.

"అన్నయ్యా, ఆ నొప్పి మాత్రలు ఇంక వేసుకోకు. నీ రిపోర్టులు తప్పు. నా రక్తం చెడిపోయింది, అది బాగుందనుకుని మిషన్ తిప్పాను. తప్పు నాది."

కోడలు ఏడ్చింది. భార్య మాత్రల డబ్బా తీసి నేలకేసి కొట్టింది. నీ రక్తం కోసం మా నాన్న కిడ్నీలు పోవాలా అని కొడుకు మీదికొచ్చాడు. దర్జీ మాత్రం టేపు మెడలోంచి తీసి మడతపెడుతూ, అరవకురా, చెప్పకుండా ఉంటే ఏం చేసేవాడివి అన్నాడు. అయిదు నిమిషాల్లో ఒకరు చెప్పులు తెచ్చారు, ఒకరు ఆటో ఆపారు, ఒకరు దుప్పటి పట్టుకున్నారు. నలుగురూ ఒకే ఆటోలో ఇరుక్కుని పెద్దాసుపత్రికి వెళ్ళిపోయారు. షాపు తెరిచే ఉంది. దీపం, ఫ్యాను వెలుగుతూ తిరుగుతూ ఉన్నాయి. పిన్ని రెండూ ఆపి, షట్టరు దించి, తాళం పక్క షాపులో ఇచ్చి వచ్చింది. చెడ్డ రిపోర్టు వస్తే ఒక ఇంట్లో ఎంత సందడి జరుగుతుందో ఆవిడ దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఆమెకి అసూయ వేసింది.

మూడు రోజులు ల్యాబ్ ఫోన్ దగ్గరే కూర్చుని, కాగితంలో మిగిలినవాళ్ళందరికీ ఒక్కొక్కరికే చేసింది. డాక్టరుగారు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోంచే కాగితం మీద టిక్కులు చూసి దిగిపోయారు. మూడోసారి వచ్చినప్పుడు, వచ్చినవాళ్ళందరికీ డబ్బు తీసుకోకుండా మళ్ళీ పరీక్ష చెయ్యమని చెప్పి వెళ్ళారు. నెలాఖరు దాకా ఉండమన్నారు, ఆ తరవాత సంగతి ఎత్తలేదు.

ఫోన్లో కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు, కొందరు పోనీలెండి ఇప్పటికైనా చెప్పారన్నారు. అందరికీ ఒకే మాట చెప్పింది, తన రక్తం చెడిపోవడం వల్ల ఇలా జరిగిందని. మరి మీకెలా ఉందండీ అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళనని ఏం లాభం? ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి. నలభై ఒకటో నంబరుకి ఒక ఆడమనిషి ఎత్తింది. ఆయన పోయి మూడు నెలలైందండీ, ఏం కావాలి అని అడిగింది. రిజిస్టరులో ఆయన అంకె 1.4. అసలుది ఎంతో పిన్ని మనసులో లెక్క కట్టేసుకుంది. దేనితో పోయారని అడగాలి. అడగలేదు. క్షమించండి అని పెట్టేసింది. మర్నాడు మళ్ళీ అదే నంబరుకి చేసి, జరిగిందంతా చెప్పింది. అవతలావిడ చివరిదాకా విని, ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేసింది. ఆ మౌనం పిన్ని చచ్చేదాకా మొయ్యాలి, తప్పదు.

మాత్రలు ఆపాక దర్జీ అంకె 1.7కి దిగిందని నాలుగో రోజు తెలిసింది. పూర్తిగా మామూలు కాదు గానీ, ఇక జారకుండా చూసుకోవచ్చన్నారట. ఆ రోజే పిన్ని తన రక్తం పెద్దాసుపత్రిలో ఇచ్చింది. రిపోర్టులో మూడు నక్షత్రాలు. అక్కడ రిపోర్టులిచ్చే పిల్లకి పాతికేళ్ళుంటాయి, కాగితం ఇవ్వబోయి ఆగింది.

"మీ ఇంట్లోవాళ్ళెవరైనా వచ్చారా అమ్మా? ఇక్కడి డాక్టరుగారు వాళ్ళతో కూడా మాట్లాడాలన్నారు."

ఈ అంకెలు చదవడం నాకు వచ్చులేమ్మా అంది పిన్ని. చదవడం వచ్చినా సరే, తోడు ఎవరైనా ఉండాలి, ఇంటి నంబరు చెప్పండి అని ఆ పిల్ల పెన్ను పట్టుకుని కూర్చుంది. పిన్ని రేపు చెప్తానంది.

ల్యాబ్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ముందు గదిలో నాలుగు కుర్చీలూ ఖాళీ. అరవై మూడు పేర్ల కాగితం ఇంకా బల్ల మీదే ఉంది, అన్నిటికీ టిక్కులు పెట్టి ఉన్నాయి. అడుగున తన పేరు రాసుకుంది, ఆ పేరు రాసి ఎన్నాళ్ళయిందో. పక్కన 1.3. ఆ పక్కన ఫోన్ నంబరు రాయాలి. చాలాసేపు ఆలోచించి, చుట్టం దగ్గర అడిగి తీసుకున్న తమ్ముడి నంబరే రాసింది.

రాసినదానికి చెయ్యక తప్పుతుందా? అరవై మూడు మందికి చెప్పిన మనిషే, అరవై నాలుగో నంబరు రెండుసార్లు సగం నొక్కి పెట్టేసి, మూడోసారికి పూర్తిగా నొక్కింది. నాలుగుసార్లు మోగాక ఎత్తారు.

"ఎవరండీ?"

ఆరేళ్ళయినా గొంతు మారలేదు. నేనురా అందామనుకుంది. తీరా నోరు తెరిచేసరికి ఈ మూడు రోజులూ పలికిన మాటలే వచ్చాయి.

"ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నానండీ. ఒకరి రిపోర్టు బాగా తేడా వచ్చింది. ఇంట్లోవాళ్ళకి చెప్పాలన్నారు. మీ నంబరు ఉంది."

"ఎవరి రిపోర్టు?"

"మీ అక్కది," అంది.

అవతల నుంచి పిల్లలెవరో ఆడుకుంటున్న చప్పుడు వినిపించింది, ఆమె ఎప్పుడూ చూడని పిల్లలు. తరవాత ఎక్కడో తలుపు మూసిన చప్పుడైంది, పిల్లల గొంతులు ఆగిపోయాయి. పిన్ని రిసీవరు చెవికి గట్టిగా అదుముకుని కూర్చుంది. వాడు ఫోన్ పెట్టెయ్యలేదు.