హ్యాండ్‌బ్యాగులోకి ఒక మడత కత్తి

ఈ రోజు సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో ఒక మడత కత్తి కొన్నాను. రోజూ స్కూటీ మీద తిరుగుతాను కదా, ఆపదలో పనికొస్తుందని. దుకాణం ఆయన పెద్ద పెద్దవి చూపించాడు. నేను మాత్రం ఒంటి చేత్తో తెరుచుకునేది, మొన మొద్దుగా ఉండి మనిషికి గుచ్చుకోనిది ఏరుకున్నాను.

"గింత చిన్నదాంతోని ఏం కోత్తరు మేడం?" అని నవ్వాడు.

ఇంటికి వస్తుంటే సుబేదారి దగ్గర నా ముందు వెళ్తున్న బైకు టక్కున ఆగిపోయింది. వెనక కూర్చున్న అమ్మాయి మెడకు చుట్టుకున్న కొంగు చక్రంలో చిక్కి బిగుసుకుంటోంది. బైకు నడుపుతున్న ఆమె భర్త దిగి, కంగారుగా చక్రం తిప్పబోయాడు.

"తిప్పకు తమ్మీ, ఆగు!" అని అరిచి, కొత్త కత్తితో కొంగు కోసేశాను. ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

"మంచి పట్టుచీర ఖరాబ్ చేసిన చెల్లె" అన్నాను.

"ఫికర్ చెయ్యకక్కా! మా అత్త పెట్టిన చీర. గీ రంగు నాకు ఎన్నడు నచ్చలే. ఇగ కట్టుకొమ్మని అనదు!"

భర్తతో సహా ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి పడీపడీ నవ్వాం.

మీ బీరువాలో కూడా అలాంటి చీర ఉంటే కామెంట్లలో చెప్పండి. కత్తి నా బ్యాగులోనే ఉంది.